మమ్మల్ని కెన్యా తీసుకెళ్ళిన మేడమ్

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, విజయవాడ వెళ్ళే బస్సు పరిటాల దాటుతుండగా ఫోన్ మోగింది. నాతో ఎమ్మే చదివిన స్నేహితురాలు. "మేడమ్ పోయారే. పొద్దున సార్ లేపితే లేవలేదంట" అంది. "ఏ మేడమ్?" అని అడిగాను. మా ఇద్దరికీ మేడమ్ అంటే ఒక్కరే. అయినా ఇంకెవరైనా అయితే బాగుండునని అలా అడిగాను. ఇబ్రహీంపట్నంలో దిగి, ఎదురు బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళిపోయాను.

ఆవిడ మాకు కౌన్సెలింగ్ సైకాలజీ చెప్పేవారు. సొంతూరు జగ్గయ్యపేట. రోజూ బస్సులో యూనివర్సిటీకి వచ్చి వెళ్ళేవారు. పోయినేడాదే రిటైరయ్యారు. ఆవిడ గురించి కళ్ళొత్తుకుంటూ రాస్తే ఆవిడకే నచ్చదు. "ముందు విషయం చెప్పమ్మా, ఏడుపు దాని వెనకాలే వస్తుంది" అనేవారు. అందుకని నేను కెన్యా సంగతే చెబుతాను. నా జీవితంలో అంత సంబరంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు.

మాకు క్రాస్ కల్చరల్ కౌన్సెలింగ్ అని ఒక పేపరుండేది. మనది కాని పద్ధతుల్లో పెరిగిన మనుషుల బాధ ఎలా వినాలో చెప్పే పేపరు. పరీక్ష ముందు రోజు చదివినా పాసైపోవచ్చని మాకు ధీమా. ఒకరోజు మేడమ్ భుజాన బ్యాగు కూడా తియ్యకుండా క్లాసులోకి వచ్చి, చేతిలో కాగితం ఊపుతూ, "పది రోజులు! కెన్యా! అక్కడ కౌన్సెలింగ్ సెంటర్ వాళ్ళు రమ్మన్నారు!" అన్నారు. తొమ్మిది మందిమి ఒక్కసారి అరిచిన అరుపుకి పక్క క్లాసు లెక్చరర్ పరిగెత్తుకొచ్చారు. ఆయనకి సమాధానం చెప్పే ఓపిక కూడా మేడమ్‌కి లేదు. ఆయన చేతికే కాగితం ఇచ్చేశారు.

నందిగామలో మా వీధి వీధంతా వారం రోజుల్లోనే నాకు పాస్‌పోర్టు ఫొటో ఎలా దిగాలో నేర్పేసింది. మేడమ్ మాత్రం ఆ శనివారం మమ్మల్ని పెనుగంచిప్రోలు తీసుకెళ్ళారు, మిరప కల్లాల్లోకి. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ పక్కన ఒక పూట కూర్చోవాలి, పని చెయ్యాలి, ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు. అదీ మా శిక్షణ.

"కెన్యాకి మిరపకాయలేంటి మేడమ్?" అని తుమ్ముల మధ్య అడిగాను.

"పరాయి దేశం మీ వీధి చివరే మొదలవుద్దమ్మా. ఈ పక్కనున్న పిన్ని గురించి నీకేం తెలుసు? తెలిసినట్టు మొహం పెట్టకు. ఏరు" అన్నారు.

మధ్యాహ్నం దాకా ఏరాను. కళ్ళు మండి, ముక్కు కారి, నేను నోరెత్తే స్థితిలో లేకపోవడం చూసి కాబోలు, పక్కనున్న పిన్ని తనంతట తనే పెద్దకొడుకు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేడమ్ మొహం వెలిగిపోతోంది. "ప్రశ్న అడిగుంటే చెప్పేదా?" అని నన్ను మోచేత్తో పొడిచారు.

బయల్దేరిన రోజు మేమంతా హైదరాబాద్ బస్సులో వెళుతుంటే జగ్గయ్యపేట మలుపులో చిల్లకల్లు దగ్గర మేడమ్ ఎక్కారు. చిన్న పెట్టె, కొత్త బూట్లు, చీర మీద స్వెట్టరు. మా పచ్చళ్ళన్నీ బస్సులోనే తనిఖీ చేసి, మనిషికొక సీసా ఉంచి, మిగతావి డ్రైవరుకీ కండక్టరుకీ పంచిపెట్టేశారు. ఎయిర్‌పోర్టు క్యూలో నేను ఆవిడ వెనకాలే ఉన్నాను. అధికారి ఆవిడ పాస్‌పోర్టు తిరగేశాడు. అన్నీ తెల్లకాగితాలే. ఏళ్ళ తరబడి ప్రపంచంలోని మనుషులందరి గురించీ మాకు పాఠాలు చెప్పినావిడ అంతవరకూ దేశం దాటలేదు. నేను చూశానని ఆవిడ చూశారు.

"నువ్వేం చూళ్ళేదు" అన్నారు.

"చూళ్ళేదు మేడమ్."

"కిటికీ సీటు నాదే. ఎవరన్నా అడిగితే నాకు మెడనొప్పి అని చెప్పు."

విమానం లేచినప్పుడు ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, నా గాజు ఒకటి చిట్లిపోయింది. దిగేదాకా మెడనొప్పి మాట మళ్ళీ ఎత్తలేదు, కిటికీ వైపు నుంచి తల తిప్పితే కదా.

కెన్యాలో మేమున్నది కొండల మధ్య చిన్న ఊరు. ఎర్రమట్టి, మొక్కజొన్న చేలు. అక్కడ టీని చాయ్ అనీ, చపాతీని చపాతీ అనీ అంటారని తెలిసి మా బ్యాచ్ మొత్తం బంధువులు దొరికినట్టు ఎగిరి గంతేసింది. "అప్పుడే అంతా మనలాగే అనుకోకండి" అని మేడమ్ హెచ్చరించారు. ఆ మాట నేను వినిపించుకోలేదు.

మూడో రోజు నన్ను అక్కడి కౌన్సెలర్‌తో ఒక ఇంటికి పంపారు. ఆమె ఇంగ్లీషులోకి మార్చి చెబితే నేను వినాలి. ఇంట్లో ఒక ముసలామె. కూతురు పోయి నెల కాలేదు. గంటసేపు కూర్చున్నాను. ఆమె మేకల గురించీ వాన గురించీ చెప్పింది, కూతురి మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. మిరప కల్లం గుర్తుంది కదా, బాగానే చేస్తున్నాననుకున్నాను. సమయం అయ్యాక లేచాను. మన దగ్గర చావింటికి పలకరింపుకెళితే వెళ్ళొస్తానని చెప్పం. గుడికెళ్ళే ఇళ్ళలో అయినా, చర్చికెళ్ళే ఇళ్ళలో అయినా అంతే. చెప్పకుండా, తిరిగి చూడకుండా వచ్చెయ్యాలి. మా అమ్మ చిన్నప్పట్నుంచీ నేర్పింది అదే. నేనూ అలాగే తల వంచుకుని, మాట్లాడకుండా, చకచకా దిగి వచ్చేశాను.

సాయంత్రానికి సెంటర్‌కి కబురొచ్చింది. ఆ ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషిని రోడ్డు దాకా నడిపించి పంపుతారట. ముసలామె తలకి గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చేసరికి నేను లేను. చీకటి పడేదాకా ఆమె వచ్చేపోయే వాళ్ళందర్నీ ఒకటే అడిగిందట, "ఆ పిల్లకి నేనేం తప్పు చేశాను?" అని.

కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి సాయంగా వెళ్ళి ఇంకో బాధ పెట్టి వచ్చాను. నేను ఈ పనికి పనికిరానని అప్పుడే తేల్చుకున్నాను. మేడమ్ గదికి వెళ్ళి, "రేపట్నుంచి నన్ను ఇళ్ళకి పంపొద్దు మేడమ్. ఫైళ్ళు రాస్తా. ఊరెళ్ళాక బీయీడీ ఏదన్నా చూసుకుంటా" అన్నాను.

"ఫైళ్ళు రాయడానికి ఇంతదూరం ఎందుకే, జగ్గయ్యపేటలో లేవా ఫైళ్ళు? ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు" అన్నారు.

చెప్పాను. నేను చెబుతున్న కొద్దీ ఆవిడ మంచం మీద ముందుకి ముందుకి జరిగారు. చివరికి పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. తిడతారనుకున్న మనిషి కళ్ళు మెరుస్తున్నాయి.

"నేనైనా అట్టాగే లేచి వచ్చేసేదాన్నే! ఇన్నేళ్ళు పాఠం చెప్పా, ఈ సంగతి నాకు తట్టలా చూడు. ఇది నీ తప్పు కాదు, నాది. రేపు మళ్ళీ వెళదాం, నేనూ వస్తా."

"వెళ్ళి ఏం చెప్పాలి మేడమ్?"

"చెప్పొద్దు. అడుగు. మీ దగ్గరెట్లా చేస్తారో నాకు తెలీదు, నేర్పమని అడుగు."

మర్నాడు అడిగాను. మా దగ్గర చావింట్లో వెళ్ళొస్తామని చెప్పరని కౌన్సెలర్ ఆమెకి వివరించింది. ముసలామె ముందు నా మొహంలోకి చూసింది, తర్వాత మేడమ్ కొత్త బూట్లకంటిన ఎర్రమట్టి చూసి నవ్వింది. మరి మీ దగ్గర చెప్పకుండా ఎందుకెళతారని అడిగింది. ఇలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రావాల్సిన అవసరం పడకూడదని అన్నాను. "అదీ మంచిదే. కానీ నాకు తోడు నడిచే మనిషి కావాలి" అని లేచి తలగుడ్డ కట్టుకుంది.

పది నిమిషాల దారి, గంటకు పైగా పట్టింది. ఇంట్లో ఒక్కసారి కూడా రాని కూతురి పేరు, గేటు దాటగానే వచ్చింది. ఈ దారిలోనే రోజూ బడికి పంపేదాన్ని అంది. ఇక్కడ జారిపడింది, ఇక్కడ నాతో పోట్లాడింది అని చూపిస్తుంటే కౌన్సెలర్ నాకు మార్చి చెప్పింది. రోడ్డు మీదికొచ్చాక నన్ను పట్టుకుని పెద్దగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మేడమ్ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దూరంగా వెనకాలే నడిచారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంతా తెలుస్తూనే ఉన్నట్టుంది. వ్యానెక్కగానే తొడ మీద చరుచుకుని, "కుర్చీలో రాని మాట దారిలో వచ్చింది! చూసావా! చూసావా!" అని అందరికీ వినపడేలా అన్నారు. నేను బీయీడీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత ఏటేటా కొత్త బ్యాచ్‌లకి ఆ కథ చెప్పేవారట. తప్పు చేసింది నేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు, తనే చేశానని చెప్పుకున్నారు. అది నాకు మొన్నే తెలిసింది.

భూస్థాపన అయిన మూడో రోజు ఇంట్లోవాళ్ళని ఓదార్చడానికి చర్చి వాళ్ళు ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయిపోయింది, పాటలు అయిపోయాయి. సార్ కుర్చీలో అలాగే కూర్చున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మామూలుగానే మాట తక్కువ. ఆ మూడు రోజులూ ఒక్క మాట కూడా మాట్లాడలేదని, కన్నీరు కూడా పెట్టలేదని బంధువులు గుసగుసలాడుకుంటున్నారు. ఒక్కొక్కరే మన పద్ధతిలో చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నారు. నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను.

అక్కడ ఆగిపోయాను. కెన్యాలో చెప్పకుండా రావడం తప్పయింది, ఇక్కడ చెప్పడం తప్పు. అయినా వెనక్కొచ్చి ఆయన కుర్చీ పక్కన కూర్చుని, "సార్, బస్సు దాకా నాతో నడుస్తారా?" అని అడిగాను.

మేడమ్ వాళ్ళ పెద్దక్కగారు, "ఇదేం అడగటమే తల్లీ! ఇట్టాంటప్పుడు ఎవరన్నా సాగనంపమంటారా?" అన్నారు. సార్ తలెత్తి నన్ను చూశారు. తర్వాత వంగి కుర్చీ కింద చెప్పుల కోసం తడుముకున్నారు.

సందులో ఒకరి పక్కన ఒకరం నడిచాం. మెయిన్ రోడ్డు మలుపు తిరిగాక, "అసలు మొదట నేనే ఆవిడకి నచ్చలేదమ్మా" అన్నారు. "మా అమ్మతో కలిసి వాళ్ళింటికి చూడ్డానికెళ్ళాం. నేనెంతసేపటికీ మాట్లాడను. ఆవిడేమో..." అని, అక్కడే రోడ్డు పక్కన ఆగి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుచుకుంటూనే చెబుతున్నారు. కండక్టరు "నందిగామ, నందిగామ" అని కేకేశాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను.

రెండు బస్సులు వెళ్ళిపోయాయి. సార్ ఇంకా పెళ్ళిచూపుల దగ్గరే ఉన్నారు.