బాపు నేర్చుకున్న ఇంటర్వ్యూ ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... జహనుమా బస్తీలోని మా ఇంట్లో, సాయంత్రమైతే నేను ఆఫీసరునయ్యేవాణ్ణి. ఎత్తుపీట మీద దర్జాగా కూర్చునేవాణ్ణి. బాపు, అంటే మా నాన్న, ఎదుట చేతులు కట్టుకుని నిలబడి నన్ను "సార్" అని పిలిచేవాడు.

బాపుది కార్ఖానాలో కొలిమి పని. ఎర్రగా కాలిన ఇనుమును చూసి చూసి కళ్లు మసకబారుతున్నాయి. సూపర్‌వైజరైతే ఆ మంటకు దూరం కావచ్చు. కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో... అందుకే పక్కింటి రోజమ్మ గారు పాఠం చెప్పేవారు. ఆమె ఒక ఆఫీసులో టైపిస్టు. బాపుకు పని నేర్పిన రహీం భాయ్ కూడా వచ్చేవాడు. ఆయన కళ్లదీ అదే పరిస్థితి. ఖాళీ ఒక్కటే, ఇద్దరూ దానికే పోటీ.

"ఐ విల్ లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్" అని ఆమె వల్లె వేయించేవారు. ఏ ప్రయత్నాన్నీ వదలనని దాని భావం.

"రాళ్లు తిప్పుడేందమ్మా, మేము ఇనుము తిప్పేటోళ్లం," అనేవాడు బాపు.

"అరే యాదగిరీ, తరక్కీ హోనా నా? చుప్‌చాప్ పత్థర్ పల్టా దే," అనేవాడు రహీం భాయ్. ప్రమోషన్ కావాలంటే నోరు మూసుకుని ఆ రాయేదో తిప్పెయ్యమని.

అన్నీ వచ్చినా, ఒక్క వాక్యం దగ్గర ఇద్దరూ ఆగిపోయేవారు... "ఐ యామ్ ది బెస్ట్ మ్యాన్ ఫర్ దిస్ జాబ్." ఈ పనికి నాకంటే తగినవాడు లేడని చెప్పుకోవడం.

"నోట్లకెళ్లి వస్తలేదమ్మా. సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటది," అనేవాడు బాపు.

"నీ డబ్బా నువ్వు కొట్టకుంటే మీ పెద్దసారు వచ్చి కొడ్తడా అన్నా?" అనేవారు రోజమ్మ గారు.

పీట మీది నుంచి నేనూ గద్దించేవాణ్ణి. బాపు తల వంచుకుని నవ్వేవాడు.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఈ పనికి నీవే తగినవాడవా అని అధికారి అడిగాడట. బాపు తడుముకోలేదు. "నో సార్. రహీం భాయ్ ఈజ్ ది బెస్ట్ మ్యాన్ ఫర్ దిస్ జాబ్."

పని నేర్పిన ఉస్తాదు గుమ్మం బయట బల్ల మీద కూర్చుని ఉండగా తనను తాను పొగడుకోవడం మా గల్లీ మర్యాద కాదు. వ్యాకరణం బోధిస్తూ జీవితం గడిపినవాణ్ణి. ఆ వాక్యంలో నాకు ఈనాటికీ ఒక్క దోషమూ కనబడదు.

తరువాత లోపలికి వెళ్లిన రహీం భాయ్, బాపు పేరు చెప్పి వచ్చాడు.

ఉద్యోగం మూడో మనిషికి దక్కింది.

మళ్లీ పాఠం మొదలుపెడదామని రోజమ్మ గారు అడిగితే, "ఇగ వద్దమ్మా," అన్నాడు బాపు. పీట గోడ వారకు చేరింది. ఇద్దరూ ఆ కొలిమి ముందే రిటైరయ్యారు...

నేను ఇంగ్లీషు మాస్టరునయ్యేనాటికి బాపుకు నా ముఖం ఆనేది కాదు. అడుగుల చప్పుడును బట్టి "వచ్చినవా సార్?" అనేవాడు.

ఇప్పుడు మా వీధి పిల్లలు ఇంటర్వ్యూలకు ముందు నా వద్దకు వస్తారు. "ఐ యామ్ ది బెస్ట్" అన్న వాక్యాన్ని జంకు లేకుండా పలుకుతారు. పలకాలి కూడా, తప్పనను. పక్కవాడి పేరు చెప్పినవాణ్ణి మెచ్చే ఇంటర్వ్యూ గది ఈనాడు ఎక్కడా లేదు... ఆనాడూ లేదు.

తమ గురించి తాము చెప్పుకోలేక వెనుదిరిగినవారు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు... వారి మాట మీరైనా ఇక్కడ చెప్పండి.