అందరి పళ్లేల్లో పడ్డాక

సారమ్మ పోయి ఇన్నేళ్లయినా, ఆమె వండిపెట్టిన బడిలో చదివినవాళ్లు పెళ్లి భోజనాల్లో ఇట్టే తెలిసిపోతారు. విస్తట్లో అన్నీ పడ్డా వెంటనే చెయ్యి పెట్టరు. ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు చూసుకుంటారు. “ఏవండీ, ఎవరికోసం చూస్తున్నారు?” అని పక్కవాళ్లు అడిగితే నవ్వేసి ఊరుకుంటారు.

కొల్లేరు అంచున, చేపల చెరువుల గట్ల మధ్య ఉండేది ఆ ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, ఒక చేతిపంపు. గాలి తిరిగితే చెరువుల వాసన తరగతిలోకి వచ్చి కూర్చునేది. బడుల్లో మధ్యాహ్నం వేడన్నం పెట్టడం మొదలైన కొత్తల్లో, 2003లో, సారమ్మ అక్కడ వంటకి చేరింది. అంతకుముందు చేపల ప్యాకింగుకి వెళ్లేది. ఐసులో నానినాని వేళ్లు మొద్దుబారిపోయాయి. అందుకే కాబోలు, పొయ్యి మీద గిన్నెని ఉత్త చేతుల్తో దించేది.

మొదటి రెండు రోజులూ ఐదో తరగతి పిల్లలు తోసుకుంటూ ముందుకొచ్చి అడుగునున్న పప్పంతా పోయించుకున్నారు. ఒకటో తరగతి వాళ్లకి తేటనీళ్లు మిగిలాయి. మూడో రోజు సారమ్మ గరిటె పట్టుకుని వరండాకి అడ్డంగా నిలబడింది.

“బుడ్డోళ్లు ముందు. పెద్దోళ్లు తర్వాత. అందరి పళ్లేల్లో పడ్డాకే ముద్ద ఎత్తాలి. ఎవరన్నా ముందే నోట్లో పెట్టుకున్నారో, రేపు వాళ్ల గుడ్డు నేనే తినేస్తా.”

ఏనాడూ తినలేదు గాని, పిల్లలు మాత్రం నమ్మారు. వారం తిరిగేసరికి పక్కవాడి పళ్లెం చూసుకోవడం అలవాటైపోయింది. ఏడాది తిరిగేసరికి ఎవడి గుడ్డయినా మట్టిలో పడితే, పక్కవాడు తన గుడ్డుని లాగు దారంతో రెండు చెక్కలుగా కోసి ఒకటి వాడి పళ్లెంలో పెట్టడం మొదలైంది. అది సారమ్మ చెప్పింది కాదు.

“నేను నీతి పాఠం చెప్తే ఆవులిస్తారు. మీరు గరిటె ఎత్తితే బుద్ధిమంతులైపోతారు, ఏంటి సారమ్మ గారూ మీ కిటుకు?” అనేవారు వీరాస్వామి మాస్టారు.

“మీ పాఠంలో పప్పు లేదు కదండీ, మాస్టారూ.”

2005 అక్టోబరులో, దసరా సెలవులయ్యాక, గుడ్డు పెట్టే ఒక రోజు. మాస్టారు మీటింగుకి మండలం వెళ్లారు. సారమ్మ వరస పొడుగునా వడ్డించుకుంటూ వచ్చి చివర ఆగింది. మూడో తరగతి సుమయ్య ముందు పళ్లెం లేదు.

టైలరు దస్తగిరి కూతురు ఆ పిల్ల. ఊళ్లో ఒక్కటే ముస్లిం ఇల్లు వాళ్లది.

“పళ్లెం ఏదమ్మా?”

“ఆకలి లేదు పెద్దమ్మా.”

“కడుపునొప్పా?”

“కాదు.”

“నిన్న దానికి చిన్న గుడ్డు పడిందండి. అలిగింది,” అన్నాడు ఎవడో.

“నిన్న గుడ్డే లేదు కదరా, అబద్ధాలకోరా,” అంది సారమ్మ. అందరూ నవ్వారు. సుమయ్య నవ్వలేదు.

పళ్లేల్లో అన్నం ఆవిరి తగ్గిపోతోంది. ఎవరూ ముట్టుకోలేదు. అందరూ సుమయ్య వంకే చూస్తున్నారు. ఒకటో తరగతి బిందు గుడ్డుని రెండు చేతుల్తో పట్టుకుని, తినకుండా, సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. సుమయ్య బిందుని చూసింది. లేచి వెళ్లి సంచిలోంచి పళ్లెం తెచ్చుకుంది.

అలక తీరిందనుకుంది సారమ్మ. ముద్దు కూడా వచ్చింది. వంగి, పప్పన్నం తన చేత్తోనే కలిపి, మొదటి ముద్ద ఆ పిల్ల నోట్లో పెట్టింది. “అదీ, బంగారం,” అంది. పిల్లలందరూ తినడం మొదలుపెట్టారు.

తర్వాత పంపు దగ్గర సుమయ్య కడిగిన పళ్లాన్నే మళ్లీ మళ్లీ కడుగుతూ కనిపించింది. ఎక్కిళ్లు పెడుతోంది. సారమ్మ పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని అడిగితే అప్పుడు చెప్పింది.

“ఇవాళ నా మొదటి రోజా, రంజాను ఉపవాసం. తెల్లారకుండానే లేచాను. సాయంత్రం రోజా విప్పేటప్పుడు చుట్టాలొస్తారు. నాన్న కొత్త గౌను కుట్టాడు.”

“మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే తల్లీ.”

“ఉపవాసం ఉన్నానని చెప్పుకు తిరిగితే అది గొప్పలకి పోవడమంది నానమ్మ.”

గుడ్ ఫ్రైడేకి సారమ్మ కూడా పూటంతా మంచినీళ్లు ముట్టని మనిషే. అలాంటిది, ఈ చేతులతోనే ఆ పిల్ల నోట్లో ముద్ద పెట్టింది.

అంట్లు అలాగే వదిలేసి, సుమయ్యని వెంటబెట్టుకుని దస్తగిరి ఇంటికి నడిచింది. నానమ్మ అజీజున్నీసా వాకిట్లో కూర్చుని పళ్లు కోయడానికి కత్తిపీట కడుగుతోంది. గుమ్మం పక్కన మేకుకి ఆకుపచ్చ గౌను వేలాడుతోంది.

“అజీజమ్మ గారూ, మీ మనవరాలి రోజా నేను చెడగొట్టేశానండి.”

అంతా విన్నాక అజీజున్నీసా మనవరాల్ని దగ్గరికి పిలిచింది.

“మరిచిపోయి తిన్నావా, తెలిసే తిన్నావా?”

“తెలిసే. బిందు ఏడుస్తోంది నానమ్మా. దాని అన్నం చల్లారిపోతోంది.”

అజీజున్నీసా కత్తిపీట పక్కన పెట్టి చాలాసేపు ఆ పిల్ల జుట్టు సవరించింది. తర్వాత, “చిన్నపిల్లండి, తప్పేం లేదు. రేపు ఉంటుందిలెండి,” అంది.

“ఇవాళ ఆ గౌను వేసుకోనివ్వండి అమ్మా, నా మొహం చూసి.”

“వద్దండి. ఉపవాసం ఉన్న రోజే వేసుకుంటుంది. చుట్టాలు రేపు కూడా వస్తారు, తినడానికేగా.”

మర్నాడు వడ్డించే ముందు సారమ్మ గరిటె కింద పెట్టింది. “నిన్న నేను సరిగ్గా అడక్కుండా ఒకళ్ల ఉపవాసం పాడుచేశాను. తప్పు నాది. ఇకమీదట తినని వాళ్లుంటే నా చెవిలో చెప్పండి. నేను ఎవరికీ చెప్పను. వాళ్లకోసం మీరు ఆగక్కర్లేదు,” అంది.

సుమయ్య గదిలో దాక్కోలేదు. ఎండిన పెదాలతో వచ్చి, “నేను చూసి చెప్తాను పెద్దమ్మా, అందరికీ పడిందో లేదో,” అంది. సారమ్మ సరేనంది. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో పళ్లెం దగ్గరా ఆగుతూ, వరస చివరిదాకా నడిచింది. పిల్లలు ఆమె మాట కోసం చూస్తున్నారు. సుమయ్య వెనక్కి తిరిగి పొయ్యి వైపు చూసింది.

“ఇంకో పళ్లెం తక్కువైంది.”

“ఎవరిదే?”

“మీది.”

రెండేళ్లుగా సారమ్మ మిగిలితే గిన్నెలోనే కలుపుకుని పొయ్యి దగ్గర నిలబడి తినేది. లేకపోతే లేదు. ఆ సంగతి మాస్టారు గాని, తనే గాని ఎప్పుడూ పట్టించుకోలేదు.

“నేను తర్వాత తింటాలే, ముందు మీరు కానివ్వండి.”

ఒక్కడూ చెయ్యి పెట్టలేదు. బిందు అయితే పళ్లెం కాస్త ముందుకి జరిపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. చేసేది లేక సారమ్మ గిన్నె మీది మూతలో ఇంత అన్నం పెట్టుకుని, ఆ బడికొచ్చాక మొదటిసారి, వరసలో చతికిలబడింది. కలిపింది గాని, పొద్దుటినుంచీ ఏమీ తినని పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ముద్ద ఎత్తలేకపోయింది.

“తినండి పెద్దమ్మా,” అంది సుమయ్య. “చల్లారిపోద్ది.”