నీళ్లలోకి దిగిన దగ్గరి దారి

"నాయనమ్మా, పెద్ద రోడ్డు మీదనే పోదాం. గీ తొవ్వల మనిషి గూడ కనవడ్తలేడు."

"ఫోన్‌ల గిదే దగ్గరని చూపెడ్తున్నది గదా! పెట్రోల్ ఊకెనే వస్తున్నదా? పోనియ్యి!"

పోయిన వానకాలం ఒక సాయంత్రం మెండోరలో చుట్టాలను చూసి ఆర్మూరుకు వస్తూ మేం పడ్డ గొడవ ఇది. కారు నడిపేది నా మనవరాలు సుష్మ. దాని ఏడాది బిడ్డ నా ఒడిలో నిద్రపోతోంది.

నా మాటే నెగ్గింది. మలుపు తిరగగానే రోడ్డు నేరుగా ప్రాజెక్టు వెనక నిలిచిన నీళ్లలోకి దిగింది. ఎప్పుడో ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిన ఊరికి పోయే పాత దారి అది. ఫోన్ ఇంకా ముందుకే పొమ్మంటోంది. సుష్మ బ్రేకు తొక్కేసరికి ముందు చక్రాలు నీళ్లలో ఉన్నాయి. వెనక్కి తీయబోతే బురదలో గిర్రున తిరిగాయి తప్ప కారు కదలలేదు. నీళ్లు పెరుగుతున్నాయి.

"పాపను తీస్కొని జల్ది దిగు!" అని అరిచింది సుష్మ.

పిల్లను చంకనేసుకుని దిగాను. డిక్కీలో పసుపు నింపే గోనె సంచులుంటే లాగి, చక్రాల వెనక కుక్కాను. కారు ఊగి ఊగి చివరికి గట్టెక్కింది.

మరునాడు పొద్దున చుట్టాలాయన అటు పోయి చూసి ఫోన్ చేశాడు. మేం ఆగిన చోట నడుము లోతు నీళ్లున్నాయట. తప్పు నాదే అయినా, సుష్మ ఎప్పటిలాగే పాపను తెచ్చి నా ఒడిలో కూర్చోబెట్టి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.