రూఫ్ చూసి లేచే మనిషి

లక్సెట్టిపేటలోనే కాదు, గోదావరికి ఇటు ఒడ్డునా అటు ఒడ్డునా పేతురంత బలవంతుడు ఇంతవరకూ పుట్టలేదు. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పట్టాలు తప్పిన బొగ్గు టబ్బును, అదీ నిండు టబ్బును, ఒంటి చేత్తో లేపి మళ్లీ పట్టాల మీద నిలబెట్టినవాడు. లోపల బీడీ తాగనివ్వరు కాబట్టి రెండో చెయ్యి ఊరికే ఉండలేక మీసం దువ్వుకున్నదట. ఈ సంగతి చెబుతున్నది ఆయన కూతురి బిడ్డ షారోన్. ఈ కాగితాలు రాసింది కూడా ఆమే. ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పిన పిల్ల గనుక టబ్బు ఎన్ని కిలోలని మాత్రం అడగకూడదు.

అంతటి మనిషి, అరవై ఎనిమిదో ఏట, నలభై ఎనిమిది కిలోల పెండ్లాన్ని మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చలేక నడుం పట్టుకుని కూర్చున్నాడు.

కిందటి వానాకాలం ఎలీసబెతుకు పక్షవాతం వచ్చింది. మాట చెడలేదు, నవ్వు చెడలేదు. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి. అప్పటి నుంచి రోజుకు ఏడెనిమిది సార్లు ఆమెను లేపి కూర్చోబెట్టేది పేతురే. ముప్పై నాలుగేళ్లు బాయిలో దుంగలు మోసి పైకప్పుకు ఊతం నిలబెట్టిన చేతులవి. ఇంకొకరి సాయం అడగడం ఆయనకు నామోషీ. ఆమె చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున గుంజేవాడు. క్రిస్మస్ వెళ్లిన వారానికి ఆ ఊపులోనే నడుము పట్టేసింది. గిర్రున తిరిగి ఇద్దరూ మంచం మీద పడ్డారు, ఆయన కింద, ఆమె మీద. షారోన్ పాల ప్యాకెట్ కొనుక్కుని వచ్చేదాకా అట్లాగే ఉన్నారు. ఎలీసబెతు నవ్వుతున్నది. పేతురు ఇంటి రేకుల వైపు చూస్తూ పండ్లు కొరుకుతున్నాడు.

వాళ్ల కూతురు, షారోన్ తల్లి మహిమ కరీంనగర్‌లో నర్సు. సంగతి తెలిసి ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది. తల్లిని తన దగ్గరికి తీసుకుపోతానన్నది. ఆమె ఉండేది మూడో అంతస్తులో, మెట్లు తప్ప లిఫ్టు లేదు. ఒకసారి పైకి ఎక్కిస్తే ఎలీసబెతు మళ్లీ కిందికి దిగేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇక్కడ అయితే చర్చి ఉంది, హార్మోనియం పక్కన ఆమె కూర్చునే ముందు బెంచీ ఉంది, గుడ్డలు ఆరేస్తూ కబుర్లు చెప్పే వాడకట్టు ఉంది. తల్లి పోనన్నది. తండ్రి పంపనన్నాడు. చివరికి మహిమ ఒక షరతు పెట్టింది. మార్చి మొదటి ఆదివారం చర్చిలో రొట్టే ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉంటుంది కదా, ఆ రోజు తను వస్తుంది. తన కండ్ల ముందు తండ్రి ఒక్కడే తల్లిని లేపి ఆటోలో కూర్చోబెట్టాలి.

“లేపితివా, అవ్వ నీ దగ్గర్నే ఉంటది. లేపకపోతివా, గదే ఆటో బస్టాండుకు పోతది. మళ్ల నాతోని కొట్లాడొద్దు బాపూ.”

ఆ ఆదివారం దాకా ఎలీసబెతును లేపడానికి షారోనూ వాడకట్టు ఆడవాళ్లూ ఒక చెయ్యి వేసేవాళ్లు. నడుము నొప్పి తగ్గాక పేతురు మంచిర్యాలలో ఫిజియోథెరపీ చేసే ప్రణయ్ దగ్గరికి పోయాడు. మాత్ర ఇస్తాడనుకున్నాడు. ప్రణయ్ మాత్ర ఇవ్వలేదు, బరువులు ఎత్తమన్నాడు. మనిషి మీద నేర్చుకోవద్దు, ముందు ఇంట్లో ఇసుక బకెట్టు ఎత్తు, తర్వాత బియ్యం బస్తా రొమ్ముకు హత్తుకుని ఎత్తు, తర్వాతే అమ్మమ్మ అన్నాడు. పాదాలు భుజాలంత ఎడం పెట్టాలి. బరువు కాళ్లకు ఆనుకుని ఉండాలి. నడుము వంచకుండా పిర్రలు వెనక్కి తోయాలి. మడమలతో నేలను నొక్కుతూ లేవాలి. లేచాక సగంలో ఆగకుండా నిటారుగా నిలబడాలి. ఇరవై ఆరేళ్ల పిలగాడు తనకు బరువు ఎత్తడం నేర్పుతున్నాడని పేతురు దారి పొడుగునా గొణిగాడు. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకు కూడా ఈ అన్యాయం చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో పెయింటు బకెట్టు నిండా ఇసుక పోసి, పెట్టె అడుగు నుంచి బాయి బూట్లు తీశాడు. ముందు ఇనుప ముక్కు ఉండే నల్ల బూట్లు, రిటైరైన రోజున వేసుకున్నవి. బాయిలో బూటు లేనివాణ్ని లోపలికి దిగనివ్వరు, బరువు పని అంటే బూటు ఉండాల్సిందే అని ఆయన నమ్మకం. ఆ బూట్ల మడమలు బయటి వైపు సగానికి సగం అరిగిపోయి ఉన్నాయి. వేసుకుంటే రెండు మోకాళ్లూ అలిగిన వియ్యంకుల లాగా చెరో దిక్కుకు పోతున్నాయి. నాలుగు రోజులు ఎత్తేసరికి నడుముకు తోడు మోకాళ్లు కూడా మూలగడం మొదలుపెట్టాయి.

షారోన్ ఫోన్‌లో వీడియోలు చూసి ఒక ఉపాయం కనిపెట్టింది. పరుగు పందెం వాళ్లు వేసుకునే బూట్లు తెప్పించింది, మెత్తగా, లావుగా, అడుగున నాలుగు వేళ్ల మందం స్పాంజితో. తాత వాటిని వేసుకుని నిలబడితే పరుపు మీద నిలబడ్డట్టు అటూ ఇటూ ఊగాడు. బకెట్టు పట్టుకుని లేవబోతే మడమలు లోపలికి దిగిపోయి వేళ్ల మీదికి తూలాడు. బకెట్టు బోర్లాపడి, ఎండబెట్టిన మిరపకాయల్లో ఇసుక కలిసింది. ఆ మధ్యాహ్నమంతా తాతా మనవరాలూ ఒక్కొక్క మిరపకాయనే తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ బూట్లు ఇప్పుడు షారోన్ వేసుకుంటున్నది, ముందు నుంచీ ఆమె ఆలోచన అదేనని పేతురు ఇప్పటికీ అంటాడు.

ఇక చెప్పులూ వద్దు, బూట్లూ వద్దని ఉత్త కాళ్లతో ఎత్తాడు. ఎలీసబెతుకు స్నానం చేయించాక గచ్చు తడిగా ఉంటుంది, జర్రున జారాడు. ఫోన్ చేసి అడిగితే ప్రణయ్ చెప్పింది ఒక్క ముక్క: అడుగు గట్టిగా ఉండాలి, సమంగా ఉండాలి, జారకూడదు, ఖరీదు అక్కర్లేదు. అప్పుడు అటక మీది నుంచి దిగాయి షారోన్ బడికి పోయేటప్పటి తెల్ల పీటీ బూట్లు. గుడ్డ బూట్లు, కింద పలుచని రబ్బరు. ఆ ఇంట్లో తాతదీ మనవరాలిదీ ఒకటే పాదం, ఏడో నంబరు. లేసుల పక్కన పెన్నుతో ‘ఎస్’ అని రాసి ఉంది. అది గీకేయమని పేతురు ఎంత చెప్పినా ఆమె గీకలేదు. వాటిని వేసుకుని నిలబడ్డాక మొదటిసారి పాదమంతా నేలకు ఆనింది. కాలి కింద నేల ఉందన్న సంగతి తెలిసింది. పక్కింటి వెంకటి ఆటో తుడుస్తూ గోడ మీది నుంచి చూసి, పేతురు కాక ఏ క్లాసులో చేరిండని అడిగాడు. పేతురు బకెట్టు ఎత్తాడు.

బూట్ల తంటా తీరింది. ఎత్తే తీరు మాత్రం కుదరలేదు. పేతురు బరువు పట్టుకునే ముందు తలెత్తి పైకి చూస్తాడు. లేచేటప్పుడు సగం దాకా వచ్చి ఆగిపోతాడు. తల వంచి, భుజాలు ముడిచి, కొడవలి లాగా నిలబడి, అయిపోయిందంటాడు. ఇరవై అయిదు కిలోల బస్తా రొమ్ము మీద, భారమంతా నడుము మీద. నిటారుగా నిలబడు తాతా అని షారోన్ అరుస్తుంది. నిలబడ్డానుగా అని ఆయన కసురుతాడు. షారోన్ వీడియో తీసి చూపించింది. ఆ వంగిన ముసలోడు ఎవరన్నట్టు కాసేపు చూశాడు. తర్వాత ఫోన్ వంకరగా పట్టుకున్నావన్నాడు. ప్రణయ్ కూడా వీడియో చూసి పిర్రలు వెనక్కి, తల కిందికి, లేచాక పైదాకా అని మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి ఫోన్ పెట్టేశాడు. ఫిబ్రవరి సగం గడిచింది. మహిమ రోజూ ఫోన్ చేసి, అవ్వ గుడ్డలు సర్దాల్నా అని అడుగుతున్నది.

ఒక రోజు పేతురు బస్తాను నేలకేసి కొట్టి, వాకిట్లో తనలో తానే తిట్టుకుంటూ తిరిగాడు. ముప్పై నాలుగేళ్లు ఎత్తినప్పుడు ఏ ఒక్కడూ తప్పు పట్టలేదు, ఇప్పుడు పోరగాండ్లందరూ పంతుళ్లయ్యారు. మంచం మీద ఉన్న ఎలీసబెతు ఇదంతా కిటికీలోంచి చూస్తున్నది. షారోన్‌ను పిలిచి, మీ తాత రూఫ్ చూస్తుండు పిల్లా అన్నది.

షారోన్‌కు అప్పుడు అర్థమైంది. బాయిలో ఏ బరువు ముట్టుకునే ముందైనా తలెత్తి రూఫ్ చూడాలి, పైన బండ వదులుగా ఉందా, చప్పుడు చేస్తున్నదా అని. చూడనివాడు పైకి రాడు. లేచేటప్పుడు పూర్తిగా లేవకూడదు, తల తాకుతుంది. పేతురు పనిలో చేరిన మొదటి ఏడు ఆయనతో జోడీగా పని చేసే ఇస్తారి మరిచిపోయి నిటారుగా లేచి, నెత్తి మీది గట్టి బాయి టోపీ పగిలి, నెల రోజులు దవాఖానలో పడుకున్నాడు. ఆ రోజు నుంచి పేతురు ఏ బరువుతోనూ పూర్తిగా నిలబడలేదు. రిటైరై ఎనిమిదేళ్లయినా నడుములో ఇంకా ఆ బండ ఉంది. ఎవరూ తీయలేదు.

ఎలీసబెతు ఆయన్ని లోపలికి రమ్మన్నది. ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. రెండు చంకల్లో రెండు బిందెలు పెట్టుకుని వచ్చే ఆడది వెనక తలుపు దేంతో మూస్తది, పిర్రలతోనే కదా, గట్ల వెనక్కి పోవాలె అన్నది. పేతురు జన్మలో రెండు బిందెలు మోయలేదు. ఆ పూటే నేర్చుకున్నాడు. ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వంటింటి తలుపును పిర్రలతో పదిసార్లు మూశాడు. వెంకటి అప్పుడు ఇంట్లో లేకపోవడం దేవుడి దయ.

తల దించడం మాత్రం అంత తొందరగా రాలేదు. చూడొద్దనుకున్నా చూపు పైకే పోతుంది. షారోన్ నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, కండ్లు ఇక్కడ పెట్టమన్నది. పదిసార్లు ఎత్తితే మూడుసార్లు కుదిరేది. మిగతా ఏడుసార్లు తిట్లు. ఆ తిట్లు ఇక్కడ రాస్తే షారోన్‌ను చర్చిలోకి రానివ్వరు.

మార్చి మొదటి ఆదివారం మహిమ మొదటి బస్సుకే దిగింది. ఎలీసబెతుకు తెల్ల చీర కట్టింది, తల దువ్వింది, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత బట్టల సందుక పక్కన ఒక సంచి పెట్టింది, అందులో తల్లి గుడ్డలు మడిచి ఉన్నాయి. పేతురు ఆ సంచిని చూశాడు. పంచె కింద పీటీ బూట్లు వేసుకుని లేసులు తానే బిగించుకున్నాడు. వెంకటి ఆటోను వాకిట్లోకి తెచ్చి, చక్రాల కుర్చీ పక్కనే ఆపాడు.

పేతురు కుర్చీ ముందు పాదాలు ఎడంగా పెట్టాడు. పిర్రలు వెనక్కి తోసి, ఆమెను రొమ్ముకు హత్తుకుని, వీపు వెనక చేతులు కలిపాడు. ఆమె కుడి చెయ్యి ఆయన మెడ చుట్టూ వేసింది. లేచాడు. సగంలో ఆగాడు. మహిమ ఒక అడుగు ముందుకు వేసింది. పేతురు మెడ అప్పుడే పైకి తిరుగుతున్నది. ఎలీసబెతు ఆయన చెవిలో చెప్పిన మాట పక్కనే ఉన్న షారోన్‌కు వినిపించింది.

“రూఫ్ లేదయ్యా. మొత్తం లే.”

లేచాడు. పెండ్లి ఫొటోలో తప్ప అంత నిటారుగా ఉన్న తాతను ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. పాదాలు మార్చుకుంటూ ఆటో వైపు తిరిగాడు. బియ్యం బస్తాతో ఇంట్లో నేర్చుకున్నట్టే ఆమెను సీటు అంచు మీద దించబోయాడు. అంతలో మహిమ, గట్లనే బాపూ, సక్కగ నిలబడే దించు అన్నది. పేతురు ఆగి, తలెత్తి చూశాడు. ఆటో టాపు ఎలీసబెతు నెత్తికి జానెడు దూరంలో ఉంది, దాని ఇనుప కడ్డీ సరిగ్గా ఆమె పాపిటకు ఎదురుగా ఉంది. ఒక చేత్తో ఆమె తల తన భుజానికి అదిమి, పిర్రలు వెనక్కి తోసి, బాయిలో దుంగతో వంగినట్టు వంగి, ఆమెను టాపు కిందికి దాటించి కూర్చోబెట్టాడు. కడ్డీ ఆయన వీపును గీసుకుపోయింది. ఆమె వెంట్రుక కూడా చెదరలేదు.

“పదిహేను దినాలు రూఫ్ జూడకు, రూఫ్ జూడకు అని నా పానం దీసిండ్రు” అన్నాడు పేతురు, రొప్పుతూ. “ఇగో, గిది రూఫ్ గాదా?”

మహిమ ఆటోలో తల్లి పక్కన కూర్చుని, ఇంకో నెల చూస్తా అన్నది. ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. పేతురు చర్చి దాకా మొహం ముడుచుకునే ఉన్నాడు. ప్రభువు బల్ల దగ్గర కూడా విప్పలేదని పాస్టరు గారే అన్నారు. గుడ్డల సంచి మాత్రం ఆ సాయంత్రం సందుక పక్కనే ఉండిపోయింది. మహిమ ఉత్త చేతులతో బస్సెక్కింది.

ఈ కాగితాలన్నీ షారోన్ తాతకు చదివి వినిపించింది. ఆయన మంచం పట్టె మీద కూర్చుని, అడ్డం రాకుండా చివరిదాకా విన్నాడు. ఎట్లుంది తాతా అని అడిగింది.

“గా టబ్బు ముచ్చట కొట్టెయ్, అబద్ధం. గది ఆరుగురం లేపినం. బూట్లు యాడ పెట్టినవ్? మీ అమ్మమ్మను లేపే యాళ్లయింది.”