ఆర్లిస్ బ్యాటరీ

అక్టోబరు మొదటి వారంలో, సరస్సు ఇంకా నీళ్ళుగానే ఉన్నప్పుడు, గేలెన్ టోలెఫ్సన్ షెడ్డు దగ్గరికి వచ్చి గుమ్మానికి చేరబడ్డాడు. లోపల అతని అక్క ఆర్లిస్ మంచు తొలిచే బర్మాను బల్లకు బిగించి, దాని అంచుకు ఆకురాయి పడుతోంది.

"అక్కా, ఈ చలికాలం నువ్వు వంటింట్లో ఉండు. పొద్దున్నే వచ్చేవాళ్ళకి అట్లు పోసే మనిషి కావాలి" అన్నాడు గేలెన్.

ఆర్లిస్ తల ఎత్తలేదు. "అట్లు నువ్వే పోసుకో. రోడ్డు నేను చూసుకుంటా."

"నేను ఊరికే చెప్పట్లేదు."

"నేనూ ఊరికే వినట్లేదురా."

మిన్నెసోటా ఉత్తరపు కొసన, లాంగ్ పైన్ సరస్సు ఒడ్డున గేలెన్‌ది చేపలవాళ్ళ మకాం. డిసెంబరులో నీళ్ళు గడ్డకట్టగానే మంచు మీద నలభై గుడిసెలు నిలబెట్టి, మంచుకు బెజ్జం వేసి చేపలు పట్టేవాళ్ళకి అద్దెకిస్తాడు. వాటి దగ్గరికి వెళ్ళడానికి మంచు మీదే ఆరు మైళ్ళ రోడ్డు. ఆ రోడ్డు మీద బండి వెళ్ళాలా వద్దా అన్నది ఆర్లిస్ చెప్పాలి. ఇరవై మూడు చలికాలాలుగా ఆమె పని అదే. తెల్లారగానే మంచు మీద జారుతూ పోయే చిన్న బండి, స్నోమొబైల్ ఎక్కి వెళ్ళి, దారి పొడవునా బెజ్జాలు వేసి, టేపు దించి, మంచు ఎన్ని అంగుళాల మందం ఉందో కొలిచి, రేడియోలో చెబుతుంది. ఆమె సరేనన్నాక దిగిన బండి ఏదీ ఇంతవరకూ మునగలేదు.

కానీ ఆమె వేళ్ళకు జబ్బు చేసింది. ఈ పనికి ముందు పంతొమ్మిదేళ్ళు చేపలు కోసే షెడ్డులో మంచునీళ్ళలో చేతులు పెట్టి బతికిన మనిషి. చలి తగిలితే చాలు, వేళ్ళ చివరలకు రక్తం ఆగిపోయి మైనంలా తెల్లబడతాయి. తర్వాత నీలం, ఆ తర్వాత ఎరుపు. ఎర్రబడేటప్పుడు వచ్చే నొప్పికి ఆమె నోట్లో తువ్వాలు కుక్కుకుంటుంది. కిందటి ఫిబ్రవరిలో రెండు వేళ్ళ కొసలు పుండ్లు పడ్డాయి. అవి మానడానికి ఆరు వారాలు పట్టింది. చలికి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. "ఎంత దూరం? మా ఇంటి మెట్లు దిగితే సరస్సే కదా" అని అడిగి వచ్చేసింది ఆర్లిస్.

గేలెన్ చెడ్డవాడు కాడు. అమ్మ పోయేటప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు, ఆర్లిస్‌కు పద్నాలుగు. వాడికి బూట్ల తాళ్ళు కట్టింది, స్కూలుకు పంపింది, తన్నాల్సినప్పుడు తన్నింది ఆమే. ఆ పుండ్లు చూసి వాడు భయపడ్డాడు. భయపడితే మంచిగా చెప్పడం చేతకాక హుకుం జారీ చేస్తాడు. ఆర్లిస్‌కు అరవై ఆరేళ్ళు వచ్చినా హుకుం అన్న మాట సయించదు.

ఆ వారంలోనే ఆమె పట్నంలోని హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళి, బ్యాటరీతో వేడెక్కే బట్టలు ఎన్ని రకాలున్నాయో అన్నీ తీయించింది. చివరికి మూడు ఏరుకుంది: ఒక జత చేతి తొడుగులు, ఒక బారు కోటు, చేతులు లేని ఒక చొక్కా. చీటీలు చింపకుండా తిరిగి తెస్తే నచ్చనివి వాపసు తీసుకుంటానన్నాడు కొట్టతను.

మకాం వంటింట్లో డ్వేన్ అనే పాత ఖాతాదారు కాఫీ తాగుతున్నాడు. ఆమె సంచులు దించగానే కోటు బయటికి లాగి చూశాడు. "ఇదేంటి ఆర్లిస్, దుప్పటికి ప్లగ్గు పెట్టి తొడుక్కుంటున్నావా? మా నాన్న ఉన్ని బనీను మీదే డెబ్బై ఏళ్ళు చేపలు పట్టాడు తెలుసా?"

"మీ నాన్నకి కుడికాలు వేళ్ళు మూడే కదా, డ్వేన్? మిగతా రెండూ ఎక్కడ పోయాయి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డ్వేన్ కోటు మడిచి సంచిలో పెట్టేశాడు.

అయితే బట్టల అట్టపెట్టెల మీద రాసిందంతా నమ్మే మనిషి కాదు ఆమె. పది గంటలు వేడి ఇస్తుందని రాసి ఉంది. ఎక్కడ, ఎంత చలిలో అన్నది మాత్రం లేదు. అక్టోబరులో చలి ఎక్కడ దొరుకుతుంది? ఆలోచించి ఎల్‌రాయ్ పావొలా దగ్గరికి వెళ్ళింది. ఎల్‌రాయ్ మాంసం కొట్టుకు వేటగాళ్ళు తెచ్చే జింకల కోసం వెనక పెద్ద చలిగది ఉంది. లోపల మైనస్ ఇరవై. పైనుంచి ఫ్యాను ఈదురుగాలిలా కొడుతూ ఉంటుంది.

"నీ చలిగదిలో రోజూ కాసేపు కూర్చుంటా" అంది.

ఎల్‌రాయ్ కత్తి పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "బతికుండగా అందులో కూర్చుంటానని అడిగింది నువ్వే."

"తలుపు బయట గడియ పెట్టకు."

"పెట్టను. పావుగంటకోసారి తలుపు కొడతా. పలకకపోతే ధర చీటీ అంటిస్తా."

ఆమె బకెట్ బోర్లించి కూర్చుంది. ఒళ్ళో కొలత టేపు, పెన్సిలు, చిన్న పుస్తకం. మొదటిరోజు చేతి తొడుగులు. వేడి బాగానే వచ్చింది, కాని వేళ్ళ వెంట సాగిన తీగలు చలికి బిగుసుకున్నాయి. టేపు మీద గీత వేలికి తగల్లేదు. కొలవడానికి తొడుగు తీస్తే వేడి పోయె, తీయకపోతే కొలత పోయె. పైగా ఎడమచేతిది నలభై నిమిషాలకే ఆరిపోయింది. తొడుగుల్లోని చిట్టి బ్యాటరీలు మణికట్టు దగ్గర, చలికి ఎదురుగా ఉన్నాయి. చలికి మనిషి రక్తంలాగే బ్యాటరీ సత్తువ కూడా చచ్చిపోతుందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

రెండోరోజు కోటు. మందంగా, మెత్తగా, చూడ్డానికి దర్జాగా ఉంది. మందపాటి స్వెటరు మీద వేసుకుంది. గంట గడిచినా వేడి ఒంటికి చేరలేదు, స్వెటరు దాన్ని అవతలే ఆపేసింది. స్వెటరు తీసి పలచటి ఉన్ని బనీను మీద వేసుకుంటే వీపు వెచ్చబడింది. కానీ దాని మీట గుండెల మీద, వేలిగోరంత. పెద్ద తొడుగులతో నొక్కితే దొరకలేదు.

మూడోరోజు చేతుల్లేని చొక్కా. వీపుకు, పొట్టకు, మెడపట్టీకి వేడి. మీట పెద్దది, మోచేత్తో నొక్కినా పడుతుంది. పలచటి బనీను మీద అది, దాని పైన గాలి దూరని తన పాత కోటు. పావుగంటకు తలుపు కొట్టిన ఎల్‌రాయ్‌కు తన చేయి చాచి చూపించింది. వేళ్ళకు ఏ తీగా లేదు, మామూలు ఉన్ని తొడుగులే. వేళ్ళ కొసలు గులాబీరంగులో ఉన్నాయి.

"పొట్ట వెచ్చగా ఉంటే వేళ్ళెందుకు వెచ్చబడ్డాయి?" అన్నాడు అతను.

"ఒళ్ళు చల్లబడితే లోపలున్న గుండెనీ కాలేయాన్నీ కాపాడుకోడానికి రక్తమంతా మధ్యకి పోతుంది. మధ్యలోనే కావల్సినంత వేడి ఉంటే, చివరలకి పంపడానికి దానికి పిసినారితనం ఎందుకు?" అంది ఆర్లిస్. రాత్రి ఇది డాక్టరు ఇచ్చిన కాగితాల్లో చదివింది. చదివింది ఒంట్లో జరుగుతుంటే చూడటం మాత్రం అదే మొదటిసారి.

ఆ చొక్కాకు ఇంకో గుణం ఉంది. అది డ్రిల్లు మిషను బ్యాటరీతో నడుస్తుంది. ఆర్లిస్ బర్మాను తిప్పేదీ అదే రకం బ్యాటరీ. ఒకే చార్జరు, ఒకే రకం బ్యాటరీలు. కాస్త బరువు, నడుము దగ్గర రాయిలా వేలాడుతుంది. ఆమె కోటు లోపల ఒంటికి ఆనేలా ఒక సంచి కుట్టుకుంది, చలి తగలకుండా. చీటీ చింపేసింది ఆ ఒక్కదానికే. వేడి మూడు మెట్లుంటే ఎప్పుడూ కింది మెట్టు మీదే ఉంచాలని కూడా నిర్ణయించుకుంది. తిమ్మిరెక్కిన చర్మానికి కాలింది తెలియదు.

డిసెంబరు పదికల్లా సరస్సు గడ్డకట్టింది. ఆర్లిస్ వంటింటి వైపు చూడకుండా స్నోమొబైల్ ఎక్కింది. గేలెన్ రెండురోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. మూడోరోజు నుంచి ఆమె వచ్చేసరికి కాఫీ పోసి పెట్టడం మొదలుపెట్టాడు. ఆ నెలంతా వేళ్ళు నాలుగుసార్లే తెల్లబడ్డాయి. కిందటేడు రోజుకు నాలుగుసార్లు తెల్లబడేవి.

జనవరి మూడో శుక్రవారం మైనస్ ముప్పై. పైగా పడమటి గాలి. మర్నాటికి నలభై గుడిసెలూ ఖాయమైపోయాయి, పట్నాల నుంచి జనం దారిలో ఉన్నారు. రాత్రి సరస్సు మధ్యలో మంచు పగిలిన చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది. పొద్దున్నే ఆర్లిస్ వెళ్ళి చూస్తే నాలుగో మైలు దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక పగులు, దాని అంచున మంచుపలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇలాంటి చోట కింద నీరు కదులుతుంది, నీరు కదిలితే మంచు పలచబడుతుంది. ఎంత దూరం పలచబడిందో తెలియాలంటే బెజ్జాలే వెయ్యాలి.

ఆమె వరసగా వేస్తూ పోయింది. ఇరవై రెండు అంగుళాలు. ఇరవై. పంతొమ్మిది. అప్పుడు బర్మా మూలిగి ఆగింది. బ్యాటరీ అయిపోయింది. స్నోమొబైల్ పెట్టెలో పెట్టిన రెండో బ్యాటరీ చలికి మొద్దుబారి తిరగనే లేదు. మిగిలింది ఒక్కటే. కోటు లోపల, నడుము దగ్గర, వెచ్చగా.

రేడియో తీసి సంగతి చెప్పింది.

"చొక్కాది తీసి బర్మాకి పెట్టు. పదినిమిషాల పని. ముగించుకుని వచ్చెయ్" అన్నాడు గేలెన్.

"పెట్టను."

"అక్కా, బళ్ళు తొమ్మిదింటికల్లా వచ్చేస్తాయి."

"రానీ. ఈ బ్యాటరీ నాది, బర్మాది కాదు."

"పదే పది నిమిషాలు కదా!"

"నా వేళ్ళు తెల్లబడ్డానికి మూడు చాలు. నీ రోడ్డు కోసం ఇరవై మూడేళ్ళు వీటిని పణం పెట్టా, గేలెన్. కిందటేడు రెండు వేళ్ళు పోగొట్టుకోబోయా. ఇక పెట్టను. బళ్ళని ఒడ్డున ఆపు."

రేడియో జేబులో పెట్టుకుంది. స్నోమొబైల్ వెనక కట్టిన గునపం విప్పింది. ఆమె బర్మా కొనకముందు వాడిన గునపం అది. రెండు చేతులతో ఎత్తి మంచు మీద వేసింది. ఒక బెజ్జానికి అరగంట పట్టింది. చెమట పట్టకుండా మధ్యమధ్య ఆగింది, తడిసిన బనీను చలిలో మనిషిని చంపేస్తుంది. ఆగినప్పుడల్లా మోచేత్తో మీట నొక్కింది. మళ్ళీ ఎత్తేటప్పుడు ఆపింది. చేతులు నొప్పి పుట్టాయి, భుజాలు పట్టేశాయి, వేళ్ళు మాత్రం వేళ్ళలాగే ఉన్నాయి.

మొదటి బెజ్జం పద్నాలుగు అంగుళాలు. ఇరవై గజాలు జరిగి రెండోది వేసింది. ఈసారి అరగంట కాకముందే గునపం కిందికి జారింది, నల్లటి నీళ్ళు బూటు మీదికి చిమ్మాయి. టేపు దించింది. తొమ్మిది.

మనిషి నడవొచ్చు. రెండు టన్నుల బండి వెళ్ళలేదు. ఆమె వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి, రోడ్డుకు అడ్డంగా ఎర్రజెండా కర్రలు పాతడం మొదలుపెట్టింది.

మూడో కర్ర పాతుతుండగా గేలెన్ స్నోమొబైల్ వచ్చింది. తాజా బ్యాటరీ వేసిన ఇంకో బర్మా తెచ్చాడు. జెండాలు చూసి, "వారాంతం మొత్తం పోతుంది తెలుసా?" అన్నాడు.

"పోనీ."

అతను జెండాలు దాటి ముందుకు నడవబోయాడు. ఆర్లిస్ గునపం అడ్డం పెట్టింది. "ఇక్కడి నుంచే వెయ్యి. పద్నాలుగు వచ్చిన చోట. దాన్ని దాటితే నిన్ను లాగడానికి నా భుజాల్లో సత్తువ లేదు."

గేలెన్ బర్మా ఆనించి మీట నొక్కాడు. తెల్లటి పొట్టు లేచింది. అంతలోనే బర్మా దిగబడింది, నీళ్ళు పైకి వచ్చాయి. కొలిస్తే పన్నెండు. గంటన్నర క్రితం పద్నాలుగు. కింద నీరు కదులుతూనే ఉంది. అతను టేపు చుట్టి లేచాడు. జెండాల కట్ట అందుకుని, చివరి ఆరు కర్రలూ తనే పాతాడు.

తిరిగి వచ్చేసరికి మకాం ముందు పద్దెనిమిది బళ్ళు ఆగి ఉన్నాయి. వంటింట్లో డ్వేన్ అట్లు మాడుస్తున్నాడు. కొందరు గొణుక్కుంటూనే ఒడ్డు పక్క లోతు తక్కువ చోట గుడారాలు వేసుకోడానికి ఒప్పుకున్నారు. ఇంకా దారిలో ఉన్నవాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. గేలెన్ ఒక ఫోను ఎత్తి, అవతలి అరుపులు కాసేపు విని, "రోడ్డు మూసింది మా అక్క. తెరిచేదీ తనే. తనతోనే మాట్లాడండి" అని ఆర్లిస్ చేతిలో పెట్టాడు.

అవతలి పెద్దమనిషి ఐదుగంటలు బండి నడిపి వస్తున్నాడట. నాలుగు నెలల క్రితమే గుడిసె ఖాయం చేసుకున్నాడట. మంచు ఎంతుంటే ఏంటి, తన బండి తనిష్టం అన్నాడు.

ఆర్లిస్ కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"బండి మీదే అయ్యా. రోడ్డు నాది. తొమ్మిది అంగుళాలు ఉంది, నా చేత్తో కొలిచా. మీరు వచ్చి ఎంత అరిచినా అది పది కాదు. అట్లు ఉన్నాయి, కాఫీ ఉంది, రండి. మంచు మీదికి మాత్రం నేను పొమ్మన్నప్పుడే పోతారు."

 ఆయన, తెరిచేది ఎప్పుడు, అని గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు పొద్దున మళ్ళీ వెళ్ళి చూస్తా. ఆరున్నరకి ఫోన్ చెయ్యండి" అంది ఆర్లిస్.