సీసాకు పెట్టిన బొట్టు

మొన్న శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, మబేలాలోని మా రూమ్‌లో మధ్యాహ్నం భోజనాలు ముగించి నడుం వాల్చబోతుంటే, ఇక్కడే ఒక కంపెనీలో కంప్యూటర్ పని చేసే మా చెల్లెలి కొడుకు "మామా, గిది సూడు, సీసాకు బొట్టు పెట్టిన్రు" అని నవ్వుతూ ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. విదేశంలో ఎక్కడో వేలంపాటకు పెట్టిన పాత వైన్ సీసా ఫొటో అది. లేబుల్ మూలన పసుపు మరక, దాని నడుమ ఎర్రటి బొట్టు, ఆ బొట్టు తడికి చెదిరి కిందికి పాకిన గీత. కింద ఇంగ్లీషులో ఉన్నది వాడు చదివి చెప్పాడు. గల్ఫ్‌లో ఒక ఇంట్లో ఎంతో శ్రద్ధగా దాచిన సీసా అట, అక్కడి భారతీయ పనివాళ్లు భక్తితో పెట్టిన గుర్తు దీని చరిత్రకు మరింత అందం తెచ్చిందట! అందమట, అందం! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బొట్టు పెట్టింది నేను. దాని మూలంగా పడరాని మాట పడి, ఉన్న పని పోగొట్టుకుని కడప జిల్లాకు తిరిగి వెళ్లిపోయింది మా వంట అక్క.

మా తరం వాళ్లకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు గానీ, ఫోన్ కార్డు గీకి నంబర్ కొట్టుకుని ఇంటికి మాట్లాడే రోజులవి. జగిత్యాల వైపు నుంచి కూలి వీసా మీద వచ్చి, అల్ అమెరాత్‌లో ఒక సైట్ మీద పరంజా నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాక, ఇక బరువులు మోయలేవు పొమ్మన్నారు కంపెనీవాళ్లు. ఏసీ పని కొంత తెలుసు గనక ఎవరో చెబితే సీబ్‌లో ఒక యూరప్ సాబ్ విల్లాలో పనికి కుదిరాను. కారు కడగడం, మోటారు చూడడం, తోటకు నీళ్లు పెట్టడం, అన్నిటికన్నా ముఖ్యంగా సీసాల గదిని చల్లగా ఉంచడం నా డ్యూటీ. ఆ ఇంట్లో నాకంటే ముందునుంచీ వంట చేస్తున్నది అక్క. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. కుంటుకుంటూ వచ్చిన నన్ను చూసి మొదటిరోజే, అడగకుండానే, పళ్లెంలో రాగి సంకటి పెట్టిన మనిషి. కొడుకు ఐటీఐ చదువు అయ్యేదాకా, అంటే ఇంకో రెండేళ్లు, ఎలాగైనా ఇక్కడ నెట్టుకురావాలని ఆమె ఆశ. రోజుకొకసారైనా ఆ రెండేళ్ల మాట ఎత్తకుండా ఉండేది కాదు.

ఇక ఆ గది సంగతి. బయట మే నెల ఎండకు చెప్పుల అట్ట కరిగిపోతుంటే, లోపల ఏడాది పొడవునా పధ్నాలుగు డిగ్రీలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి గోడమీద కాగితంలో రాయాలి. సీసాలు పడుకునే ఉండాలి, లేకపోతే బిరడా ఎండిపోతుందట. లేబుల్ పైకి కనబడాలి. కదపకూడదు, వెలుతురు తగలకూడదు, దుమ్ము కూడా తుడవకూడదు, ఎందుకంటే ఆ దుమ్ము సీసా వయసుకు సాక్ష్యమట! పనిలో చేరిన కొత్తలో అక్క పాపం శుభ్రం చేద్దామని ఒక సీసాను తడిగుడ్డతో తుడిచినందుకు సాబ్ ఇల్లెగిరిపోయేలా అరిచాడట. అప్పటినుంచి ఆమెకు ఆ గదిలో అడుగుపెట్టే వీల్లేదు. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. ఇంత చేస్తే ఆ మహానుభావుడు వాటిలో ఒక్కటైనా తాగేవాడా అంటే, గాడిద గుడ్డు! ఆయన తాగేది మామూలు బీరు. ఈ సీసాలను ఊరికే చూసుకోవడం, తనలాంటి పిచ్చివాళ్లు వస్తే చూపించడం, అంతే. పర్మిట్లూ కస్టమ్స్ కాగితాలూ ఎన్ని తిప్పలు పడి తెప్పించుకునేవాడో ఆయనకే తెలియాలి.

వేలంపాట ఉన్న రోజున మాత్రం ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. అక్కడ వాళ్లకు పొద్దున, మనకు మధ్యాహ్నం. ఫోన్ చెవికి ఆనించుకుని, చేతిలో వేలానికొచ్చిన సీసాల బొమ్మల పుస్తకం పట్టుకుని, హాల్లో చెప్పుల్లేకుండా అటూ ఇటూ తిరిగేవాడు సాబ్. ఒక్కొక్క అంకె పలికేటప్పుడు మెడ నరాలు పొంగేవి. తన తండ్రి పుట్టిన ఏడాది చేసిన ఒక ఫ్రెంచి సీసా కోసం రెండుసార్లు పాట పాడి ఓడిపోయి, రెండుసార్లూ ఇంట్లో దినం పెట్టినట్టు అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. మూడోసారి దక్కింది. ఆ రోజు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి అక్కకూ నాకూ చేతులు కలిపాడు. ఆ సంతోషం చూసి మాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు చెప్పాలి. సీసా వచ్చాక దానికి మెత్తటి గుడ్డ పరిచి మధ్య అరలో పడుకోబెట్టింది నేనే.

ఆ ఏడు దసరాకు సాబ్ సెలవు మీద వాళ్ల దేశం వెళ్లాడు. మన దగ్గర ఆ పండగకు పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టకుండా ఎవరుంటారు? నేను అక్కనడిగి వంటింట్లోంచి పసుపు తీసుకుని, రూవీ బజారులో కొన్న కుంకుమ పొట్లం విప్పి, స్పానర్లకు, కారుకు, ఏసీ డబ్బాకు, మోటారుకు వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చాను. ఆఖరికి సీసాల గదిలో థర్మామీటర్‌కు పెట్టాను. పెట్టి వెనక్కి తిరిగితే ఆ సీసా కనిపించింది. నా కూడు ఆ గది పెడుతున్నది, ఆ గదికి పెద్ద ఆ సీసా, దానికి పెట్టకపోతే ఎలా అనిపించింది. పసుపు తడిపి అద్ది, నడుమ కుంకుమ పెట్టి, దండం కూడా పెట్టుకున్నాను. సాయంత్రం డిగ్రీలు రాయడానికి వెళ్లి చూస్తే పసుపు కాగితంలోకి ఇంకిపోయింది. తుడవబోతే ఎరుపు కిందికి పాకింది. అప్పటికి గానీ నా బుర్రకు తట్టలేదు, దుమ్ము తుడిస్తేనే అరిచిన మనిషి దీన్ని చూస్తే ఏమంటాడని.

సాబ్ వచ్చేలోపు చెప్పవలసిన ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని ఉంచుకున్నాను. కానీ ఆయన వస్తూనే, పెట్టె కూడా దించకుండా, నేను తోటలో ఉండగా తన దగ్గరున్న రెండో తాళంచెవితో గది తెరిచి చూశాడు. పసుపు అంటే వంటిల్లు, వంటిల్లంటే ఆమె, ఆమె ఇంతకుముందు ఒకసారి తుడిచింది కూడా. అయిపోయింది, తీర్పు! ఆ కేకలకు నేను లోపలికి వచ్చేసరికి అక్క వంటింటి గడపలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నావైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. నేను సాబ్ వెంట ఆఫీసు గదిలోకి వెళ్లి, తలుపు వేసి, నేనే పెట్టాను సాబ్, మా పండగ సాబ్, పనిముట్లకు పెడతాం సాబ్ అని ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. చేతులు జోడించి చెప్పాను. ఆయన చెవిన వేసుకోలేదు. మగవాడు పసుపు పట్టుకుంటాడా, సీసాకు దండం పెడతాడా, అంతా కట్టుకథ అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పెదవి ఒక పక్కకు వంచి, ఆమెను కాపాడడానికి ఇంత తాపత్రయమా, తాళం నీ దగ్గర ఉండగా ఆమె లోపలికి ఎలా వచ్చింది, మీ ఇద్దరికీ ఏముంది అని అడిగాడు.

తల్లిలాంటి మనిషిని పట్టుకుని అనవలసిన మాటేనా అది! నాకు తల కొట్టేసినట్టయింది. ఇవాళ్టికీ ఆ నవ్వు గుర్తొస్తే చెయ్యి దురద పెడుతుంది. కానీ అప్పుడు నాలో ఇంకో భయం పుట్టింది. ఇప్పుడు నేను వంటింటివైపు వెళ్లి ఆమెతో గుసగుసలాడితే ఆయన అన్నదే నిజమవుతుంది, పక్క విల్లా డ్రైవర్లు దాన్ని కడప దాకా మోస్తారు. ఆమె పేరు కాపాడాలంటే దూరంగా ఉండడమే మర్యాద అనుకున్నాను. రెండు రోజులు వంటింటి ఛాయలకు పోలేదు. ఆమె పళ్లెం తెచ్చి మెట్టు మీద పెట్టి పోయేది, నేను తల ఎత్తేవాణ్ని కాదు. మూడోరోజు నన్ను ఏసీ సామాను కోసం అల్ అమెరాత్ పంపించి, నేను తిరిగి వచ్చేసరికి ఆమె వీసా రద్దు చేయించి విమానం ఎక్కించేశారు. నేనూ ఆ నెలాఖరుకు పని మానేసి బయటపడ్డాను. అదేదో పెద్ద త్యాగమన్నట్టు ఇన్నేళ్లూ నా మనసుకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఆ ఫొటో చూశాక ఆగలేకపోయాను. మేనల్లుడు కడపవాళ్ల వాట్సాప్ గుంపుల్లో అడిగి అడిగి, నిన్న మధ్యాహ్నానికి ఆమె నంబర్ పట్టుకొచ్చాడు. గొంతు కొంచెం సన్నబడింది గానీ అక్కే. కొడుకు ఐటీఐ సగంలో ఆగిపోయిందట, ఆటో నడుపుతున్నాడట. నేను సీసా సంగతి, వేలంవాళ్ల రాత సంగతి, ఆవేశంగా చెప్పుకుంటూ పోతుంటే ఆమె మధ్యలో ఆపింది.

"ఆ సీసా ఎట్ల పోతే నాకేం నాయనా. నువ్వు పసుపు అడుక్కోనిపోయింది నాకు తెలుసు గదా. నీ పేరు నోటిదాకా వచ్చినా మింగేసినా. కాలు ఇరిగినోడు, యాడికి పోతాడు, వాడే చెప్తాడులే అని సూసినా. నువ్వు తలకాయన్నా ఎత్తకపోతివి."

వెంటనే అన్నాను. "నేను చెప్పిన అక్కా. గా దినమే చెప్పిన, రెండుసార్లు చెప్పిన. సాబ్ నమ్మలే."

ఆమె ఆ మాటనే తిరిగి అడిగింది.

"చెప్పినావా? ఆ ముక్క వంటింట్లోకొచ్చి నాకు చెప్పింటే సాలు గదా నాయనా. పని పోతే పోయింది, తమ్ముడు మోసం చేసినాడనుకోకుండా బతికిందును."

ఇప్పటి పిల్లలు ఇక్కడ ఎవరింట్లో ఏ కూర వండుకున్నారో కూడా ఫోన్‌లో చూపించుకుంటున్నారు. ఒకరికి అన్యాయం జరిగితే గంటలో ఊరంతా తెలుస్తుంది, ఎంబసీకీ తెలుస్తుంది. మంచిదే. మా రోజుల్లో అవేవీ లేవని నేను ఇన్నేళ్లు అనుకుంటూ వచ్చాను. కానీ ఆ విల్లాలో ఆఫీసు గది నుంచి వంటింటికి ఇరవై అడుగులు కూడా ఉండవు. సాబ్‌ను తిట్టుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. ఆ ఇరవై అడుగులు నేనే వెయ్యలేదు.