గిర్ని మీద నేను వేసిన నింద

1984 జులైలో నన్ను జహీరాబాద్ సర్వీస్ కేంద్రానికి వేశారు. టీవీలు తయారుచేసే ఒక కంపెనీలో నేను గ్రేడ్ టూ సర్వీస్ ఇంజనీర్‌ని. చేరి ఎనిమిది నెలలైంది, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. కేంద్రమంటే బస్టాండు దగ్గర ఒక గది, ఒక టేబులు, పనిముట్ల సంచి, జాబ్ కార్డుల పుస్తకం. ప్రతి ఫిర్యాదుకూ ఒక కార్డు రాయాలి. ఒక ప్రతి కంపెనీకి, ఒకటి ఖాతాదారుకి. అందులో ‘లోపానికి కారణం’ అని ఒక గడి ఉండేది. ఈ కథంతా ఆ గడిలో నేను రాసిన మూడు మాటల గురించి.

అప్పట్లో అక్కడ బొమ్మ రావడమే గొప్ప. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వంద కిలోమీటర్ల దూరం. అందుకని నలభై అడుగుల ఇనుప గొట్టం నిలబెట్టి, దాని కొసన యాంటెనా బిగించి, కింద బూస్టర్ పెట్టేవాళ్లం. సన్నగా వచ్చే సంకేతాన్ని పెంచే చిన్న పెట్టె అది. ఇంటింటికీ అంత గొట్టం ఎవరు వేయించుకోగలరు? ఒక గల్లీలో విఠల్ రెడ్డి అనే ఆసామి తన మేడ మీద యాంటెనా పెట్టించి, చుట్టుపక్కల ఏడిళ్లకు తీగలు ఇచ్చాడు. తన ఇంటితో కలిపి ఎనిమిది. ఆ పంపకం సజావుగా ఉండేలా అమర్చింది నేనే. రెండు నెలలు బాగానే నడిచింది.

సెప్టెంబరులో ఫిర్యాదు వచ్చింది. సాయంత్రం ఆరు దాటాక బొమ్మ తునకలు తునకలవుతోంది, పైకీ కిందికీ దొర్లుతోంది, మాట మధ్యలో తెగిపోతోంది. ఎనిమిదింటికల్లా దానంతటదే బాగవుతోంది. ఎనిమిదిళ్లలోనూ ఇదే తీరు.

నేను వెళ్లి విఠల్ రెడ్డి గదిలో కూర్చున్నాను. ఆరు దాటింది. ఎదురుగా ఉన్న పిండిగిర్ని మోటారు మొదలైంది. మరో రెండు నిమిషాలకు బొమ్మ చెదిరింది. “సూసిన్రా సారూ, గిర్ని సురువైంది, బొమ్మ పోయింది. ఎన్మిదికి గిర్ని బంద్ అయితది, బొమ్మ మంచిగైతది,” అన్నాడాయన. గదిలో ఉన్న అందరూ తలలూపారు. మోటారు నిప్పురవ్వలు టీవీకి అడ్డు తగులుతాయని పుస్తకంలో చదువుకున్నవాణ్ణే కదా. కార్డు తీసి కారణం గడిలో ‘ఎదురింటి గిర్ని మోటారు’ అని రాసి సంతకం పెట్టాను.

ఆ కార్డు పట్టుకుని విఠల్ రెడ్డి గల్లీ పెద్దలను కూర్చోబెట్టాడని నాకు తర్వాత తెలిసింది. గిర్ని యజమాని అఫ్జల్ మియా. “పదేండ్ల సంది నడుస్తున్నది నా గిర్ని. టీవీలొచ్చి యాడాది గూడ కాలే. గిప్పుడు నా మోటారు గల్తీ అయిందా?” అని అడిగాడట. కంపెనీ ఇంజనీరు సంతకం ముందు ఆ మాట నిలవలేదు. ఆరు నుంచి ఎనిమిది వరకు గిర్ని మూసి, ఆ తర్వాతే నడపాలని తీర్పు చెప్పారు.

పది రోజులకు విఠల్ రెడ్డి మనిషిని పంపాడు. గిర్ని మూసినా బొమ్మ అలాగే చెదురుతోందట.

ఆ సాయంత్రం గల్లీ మలుపు తిరిగేసరికి మూసి ఉన్న గిర్ని ముందు ఆడవాళ్లు జొన్నల సంచులతో కూర్చుని ఉన్నారు. నా చేతిలో పనిముట్ల సంచి చూసి సాయమ్మ అనే నడివయసు కూలీ లేచి నిలబడింది.

“మీరేనా సారూ గిర్ని బంద్ వెట్టిచ్చింది? పొద్దంత కూలికి పోయి మాపటికి గదా మేం జొన్నలు పట్టిచ్చేది. ఎన్మిది దాక ఈడ కూసుంటే రొట్టెలు ఎప్పుడు జెయ్యాలె, పోరగాండ్లు ఎప్పుడు తినాలె? మీ బొమ్మ మంచిగొస్తలేదని మా పొయ్యి బంద్ వెడ్తరా?”

చూసి చెబుతానని మాత్రం అని విఠల్ రెడ్డి ఇంట్లోకి నడిచాను.

మొదటి రోజే చేయవలసిన పని అప్పుడు చేశాను. ఏడిళ్లకూ మనిషిని పంపి, సెట్లు ఆపించి, తీగలు ఒక్కొక్కటే ఊడదీయించాను. ఒక్కో తీగ ఊడినప్పుడల్లా విఠల్ రెడ్డి సెట్టు చూశాను. మార్పు లేదు. చివరికి గల్లీ మొత్తానికి అదొక్కటే మిగిలింది. అయినా బొమ్మ చెదురుతూనే ఉంది. దాని మాట కూడా తగ్గించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

అన్ని సెట్లూ మౌనంగా ఉన్న ఆ వేళ పైకప్పు మీదుగా ఎవరో పాడుతున్న గొంతు సన్నగా వినిపించింది. మేడ మీద టీవీ ఉందా అని అడిగాను. విఠల్ రెడ్డి నుదురు కొట్టుకున్నాడు. “మా అమ్మది సారూ! ఈ నడుమ రంగుల టీవీ కొన్నంక పాతది పైకి ఎక్కిచ్చినం. ఆమెకు మెట్లు దిగొస్తలేదు.”

పైకి వెళ్లాను. పాత నలుపు తెలుపు సెట్టు ముందు ఓ ముసలావిడ మంచం మీద కూర్చుని భజన వింటోంది. సెట్టు వెనక నేను పెట్టని రెండో బూస్టర్ ఉంది. బజారు మెకానిక్ ఎవరో, యాంటెనా నుంచి నా బూస్టర్‌కు దిగే తీగకే పైన గంటు పెట్టి దాన్ని కలిపాడు. పైగా లోపలికి వచ్చే తీగనూ బయటికి వెళ్లే తీగనూ కలిపి కట్టేశాడు. మైకును స్పీకరు ముందు పెడితే ఎలా కూత పెడుతుందో, ఆ బూస్టర్ అలా తన సంకేతాన్ని తానే మళ్లీ మింగి కూత పెడుతోంది. అది తీగ వెంట ఎనిమిదిళ్లకూ పాకుతోంది. అవ్వ ఆరింటికి సెట్టూ, దాంతోపాటే బూస్టరూ పెడుతుంది, ఎనిమిదింటికి తిని పడుకుంటుంది. గిర్ని వేళలూ అవే.

బూస్టర్ ఆపాను. “ఒచ్చింది, ఒచ్చింది!” అని కింద కేకలు. పెట్టాను, పోయింది. మూడుసార్లు అలాగే చేసి చూశాను.

“నా పెట్టె తోటి గింత లొల్లి అయితుందా బిడ్డా? నాకెవలు జెప్పలే,” అంది అవ్వ. రెండో బూస్టర్ తీసేసి, ఆమె సెట్టును కూడా పంపకంలో తొమ్మిదోదిగా కలిపాను. బొమ్మ మునుపటి కంటే స్పష్టంగా ఉందని ఆమె సంతోషపడింది.

ఇంకొక పరీక్ష మిగిలింది. అన్ని సెట్లూ పెట్టించి, గిర్ని నడిపించమని కోరాను. విఠల్ రెడ్డి నన్ను పంపలేదు. తానే రోడ్డు దాటి, “అఫ్జల్ భాయ్, గల్తీ మా ఇంట్లనే ఉన్నది. గిర్ని నడిపియ్యి,” అన్నాడు. మోటారు తిరిగింది. తెర మీద అక్కడక్కడా చుక్కలు మెరిశాయి, అంతే. బొమ్మ నిలకడగా ఉంది. ఆ చుక్కలకూ, చెదరడానికీ ఉన్న తేడా నాకు చదువులోనే తెలుసు. మొదటి రోజు చూడాలనుకోలేదు, అంతే.

రెండో కార్డు రాశాను. మొదటి కార్డులోని కారణం తప్పు, గిర్నికి సంబంధం లేదు అని రాసి, గిర్ని గడపలో నిలబడి అందరికీ వినిపించి, ఒక ప్రతి అఫ్జల్ మియాకు ఇచ్చాను. క్షమించమని కూడా అడిగాను. ఆయన చేతుల పిండి తుడుచుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఫికర్ జెయ్యకుండ్రి సారూ. నా మాట ఎవలు నమ్మలే, మీ కాగజ్ నమ్మిన్రు. గిప్పుడు గీ కాగజ్ గూడ నమ్ముతరు.” వెనకాల సాయమ్మ తన జొన్నలు గిర్నిలో పోయిస్తోంది. నా వైపు చూసి, “మంచిగైంది తియ్యి,” అంది.

హైదరాబాద్‌లోని మా మేనేజరు ట్రంకాల్‌లో గట్టిగానే మాట్లాడాడు. మూసిన ఫిర్యాదు మీద తప్పు ఒప్పుకుంటూ కాగితం ఇవ్వడం కంపెనీ పద్ధతి కాదన్నాడు. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. కారణం ఏదైతేనేం, నాకు అది అన్యాయమనిపించలేదు. ఆ మూడు నెలలూ జహీరాబాద్‌లో హాయిగానే గడిచాయి. ఆ గల్లీలో ఎవరింటికి వెళ్లినా చాయ్ తాగకుండా బయటపడనిచ్చేవాళ్లు కాదు.

తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు ఇదే పని చేశాను. రెండు సంగతులు ఒకే వేళకు జరిగితే ఒకటి రెండోదానికి కారణమని రాయడం మానేశాను. అనుమానమున్న దాన్ని ఒక్కదాన్నే ఆపి, మళ్లీ పెట్టి, మార్పు కళ్లారా చూస్తేనే ఆ గడి నింపేవాణ్ణి, లేదంటే ఖాళీగా వదిలేవాణ్ణి. ఖాళీ గడుల వల్ల పై అధికారుల చేత చీవాట్లు తిన్నాను. కానీ ఆ ఖాళీల వల్ల ఎవరి పనీ ఆగిపోలేదు.